అలాస్కా దస్తావేజు

ఆంకరేజ్, అలాస్కా
అక్టోబరు 19

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి మీ అమ్మాయి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నిన్న ఇక్కడ అలాస్కా డే. రష్యా ఈ ప్రాంతాన్ని అమెరికాకు అప్పగించిన రోజు కనుక రాష్ట్రమంతటా సెలవు. ఒప్పందం మీద సంతకాలు జరిగిన మార్చి నెలలో, కొనుగోలు నడిపించిన విదేశాంగ మంత్రి సీవర్డ్ పేరిట మరొక సెలవు ఉంది. ఒక్క క్రయానికి రెండు పండుగలన్నమాట.

క్రిమియా యుద్ధంతో ఖజానా చిక్కి, సముద్రపు నీటికుక్కల (సీ ఆటర్) చర్మాల వ్యాపారం సన్నగిల్లి, యుద్ధమే వస్తే బ్రిటన్ ఎలాగూ లాక్కుంటుందని భయపడిన రష్యా 1867లో దీనిని 72 లక్షల డాలర్లకు అమ్మివేసింది. మొత్తం సుమారు 37 కోట్ల ఎకరాలు; ఎకరా రెండు సెంట్లు కూడా పడలేదు. ఆ అక్టోబరు 18న సిట్కా పట్టణంలోని కాజిల్ హిల్ మీద రష్యా జెండా దించబోతే అది స్తంభానికి చుట్టుకుపోయి, విడిపించడానికి ఒక సైనికుణ్ణి తాళ్ళతో పైకి లాగవలసి వచ్చిందట. ఇప్పటికీ ఏటా అదే గుట్ట మీద ఆ జెండాల మార్పిడిని నాటి దుస్తులతో మళ్ళీ అభినయిస్తారు. ఊరేగింపు కూడా ఉంటుంది.

అయితే ఆ గుట్ట 1804కు ముందు అక్కడి మూలవాసులైన ట్లింగిట్ ప్రజలది. రష్యన్లు యుద్ధం చేసి దానిని ఆక్రమించారు. ఇంత విశాలమైన నేలలో వారు ఏనాడూ వేయిమందికి మించి లేరు; వారి అధికారం తీరం వెంబడి ఉన్న కొద్ది స్థావరాలను దాటి సాగలేదు. దస్తావేజు రాసేముందు అమ్మేవారికి ఆ భూమి ఎలా సంక్రమించిందో విచారించి, లింకు దస్తావేజులు చూడనిదే మీరు కలం పట్టేవారు కారు. ఇక్కడ ఆ లింకే లేదు నాన్నగారూ. రష్యా తనది కానిదానిని అమ్మింది, అమెరికా తెలిసే కొన్నదని నా దృఢమైన అభిప్రాయం. తమను అడగకుండా తమ నేలను అమ్మారని ట్లింగిట్ పెద్దలు ఆనాడే అభ్యంతరం చెప్పారు.

ఆ మాట చట్టానికి వినబడడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. ట్లింగిట్ ప్రజలకు, మరొక మూలవాసి జాతి అయిన హైడా ప్రజలకు తమ భూములపై అనాదిగా హక్కు ఉండేదని 1959లో ప్రభుత్వంపై దావాలు వినే అమెరికా క్లెయిముల న్యాయస్థానం ఒప్పుకొని, 1968లో సుమారు 75 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించింది. మొత్తం అలాస్కాకు రష్యా పుచ్చుకున్న ధరకు, ఇన్నేళ్ళ తరువాత, కొంచెమే ఎక్కువ! 1971లో వచ్చిన చట్టం అలాస్కా మూలవాసులందరికీ కలిపి 4 కోట్ల 40 లక్షల ఎకరాలు, 96 కోట్ల 25 లక్షల డాలర్లు ఇచ్చి, మిగతా భూమిపై వారి దావాలను రద్దు చేసింది.

150 ఏళ్ళు నిండిన 2017లో ఉత్సవాల నడుమ ట్లింగిట్లు ఆ గుట్ట దగ్గరే తమ సంతాపాన్ని వెల్లడించారు. జెండాల మార్పిడిని మానుకోవాలని నేననను. కానీ దానిని చూపే ప్రతిసారీ 1804 నాటి యుద్ధాన్ని, 1959 నాటి తీర్పును కూడా అదే గుట్ట మీద చెప్పాలని కోరుకుంటాను. ఎన్నో ఏళ్ళు దస్తావేజులు రాసిన మీరు దీన్ని ఎలా చూస్తారో తప్పక వ్రాయగలరు. అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అమ్మాయి