ఫీజు రాస్తున్నారు, కాంట్రాక్టు ఎన్నేళ్లో రాయడం లేదు

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్ క్లబ్‌లు ఆటగాళ్లను కొని అమ్ముకునే ట్రాన్స్‌ఫర్ విండో తెరిస్తే చాలు, మీ క్రీడల పేజీ నిండా కోట్లే. ఫలానా క్లబ్ ఫలానా స్ట్రైకర్‌ను ఇన్ని కోట్ల పౌండ్లకు కొన్నదని పెద్దక్షరాల్లో వేస్తారు. ఆ అంకె పట్టుకుని మా మిత్రబృందంలో అర్ధరాత్రి దాకా వాదులాటలు. నేను లెక్కలు ఆడిట్ చేసి బతికేవాణ్ని. చాదస్తం అనుకున్నా సరే, ఒక్క మాట: ఫీజు (ఆటగాడిని కొన్న ధర) పక్కన కాంట్రాక్టు ఎన్నేళ్లో కూడా రాయండి.

క్లబ్‌లు ఆ సొమ్మంతా ఒకే ఏడాది ఖర్చుగా చూపవు. కాంట్రాక్టు ఎన్నేళ్లుంటే అన్నేళ్లకు పంచి రాసుకుంటాయి. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్ అనే ఆటగాడి కోసం ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ 10.68 కోట్ల పౌండ్లు ఒప్పుకున్నప్పుడు ‘వీళ్లకు నిబంధనలే లేవా’ అని మావాళ్లు ఊగిపోయారు. కాంట్రాక్టు చూస్తే ఎనిమిదిన్నరేళ్లు! పుస్తకాల్లో ఏడాదికి పడేది కోటీ పాతిక లక్షల పైచిలుకే. అదే ఐదేళ్లయితే రెండు కోట్లు దాటేది. ఈ కిటుకు ముదురుతోందనే, ఎంత పొడవు కాంట్రాక్టు రాసుకున్నా ఖర్చును ఐదేళ్లకు మించి పంచకూడదని ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ 2023 వేసవిలో, ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ అదే ఏడాది డిసెంబరులో గీత గీశాయి.

అమ్మకం దగ్గర కథ తిరగబడుతుంది. అమ్మిన ధరలోంచి, ఆటగాణ్ని కొన్న ఖరీదులో ఇంకా ఖర్చుగా రాయాల్సిన భాగం తీసేస్తే, మిగిలిందంతా ఆ ఏడాది లాభం. క్లబ్ సొంత శిక్షణ కేంద్రమైన అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ఖరీదే ఉండదు కాబట్టి, వచ్చిన ప్రతి పౌండూ లాభమే. అభిమానులు ప్రాణంగా చూసుకునే సొంత కుర్రాళ్లే ఖాతాలకు ముద్దొచ్చేది అందుకే. చిన్నప్పటి నుంచి చెల్సీలోనే ఉన్న మేసన్ మౌంట్ 2023లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు. మరుసటి ఏడాది ఆగస్టులో యునైటెడ్ తన అకాడమీ ఆటగాడు స్కాట్ మెక్‌టామినేను నాపోలీకి అమ్మేసింది. అక్కడ మొదటి సీజన్‌లోనే జట్టు ఇటలీ లీగ్ గెలిచింది, ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా అతనికే దక్కింది. యునైటెడ్ అభిమాని అయిన మా మిత్రుడి ఉక్రోషం చెప్పనలవి కాదు. తిట్లన్నీ అప్పటి మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్‌కే! ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో మేనేజర్ ఒక్కడే తేల్చే రోజులు పోయాయంటే వినడు. ఏ వార్తలోనూ ఆ ముక్క లేనప్పుడు ఎందుకు వింటాడు?

ఇదంతా గుమాస్తాల గొడవలే అనుకుంటే ఎవర్టన్‌ను చూడండి. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదన్న ప్రీమియర్ లీగ్ పరిమితి దాటినందుకు 2023 నవంబరులో ఆ జట్టుకు 10 పాయింట్లు కోసేశారు. అప్పీలుకు వెళ్తే 6కు తగ్గాయి. మైదానంలో ఒక్క గోల్ పడకుండానే పట్టికలో కిందికి జారడమంటే మాటలా!

‘ఫలానా ఆటగాడిపై కన్నేసిన క్లబ్’ తరహా పుకార్లు రోజుకు రెండు తగ్గించినా మీకు కావలసినంత చోటు దొరుకుతుంది. వీలైతే విండో మూసిన మర్నాడు పెద్ద క్లబ్‌ల కొనుగోళ్లు, అమ్మకాలు, కాంట్రాక్టు గడువులు ఒక పట్టికగా వేయండి. అమ్ముడైనవాళ్లలో అకాడమీ కుర్రాళ్లెవరో ఒక చుక్క గుర్తు పెట్టి చూపండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ఆడిటర్