మా అమ్మాయి చందా పుస్తకంలో పేరున్న అందరికీ

మా అమ్మాయి వాళ్ల బడి నాటకం పోయిన శనివారం అయిపోయింది. లైట్లు వెనక్కి వెళ్లిపోయాయి, అడిగి తెచ్చిన బట్టలు ఉతికి ఎవరివి వాళ్లకి చేరాయి. ఇక నా వంతు మిగిలింది. చందా ఇచ్చినవాళ్లకి, పాత చీరలూ నిచ్చెనా ఇచ్చినవాళ్లకి, తమ సాయంత్రాలు ఇచ్చినవాళ్లకి, ఏమీ ఇవ్వలేకపోయినా వచ్చి కూర్చుని చివరిదాకా చూసినవాళ్లకి ఒక తల్లిగా నా నమస్కారాలు.

బడిలో ఏటా వార్షికోత్సవం రోజు పాటల మధ్య పావుగంట నాటకం ఉండేది. ఈసారి పిల్లలు గంటసేపు సాగే నాటకం వేస్తామన్నారు. అనుమతి, రిహార్సల్‌కి టైము తను చూసుకుంటానని, డబ్బు మాత్రం మీరే సమకూర్చుకోవాలని టీచర్ చెప్పారట. ఆ పని మా అమ్మాయి నెత్తిన వేసుకుంది. దానికి 15 ఏళ్లు. ఎవరినైనా ఏదైనా అడగాలంటే చచ్చేంత మొహమాటం. పక్కింటికి పంపినా వాకిట్లో నిలబడి వాళ్లే చూసి పిలిచేదాకా ఆగే పిల్ల. అలాంటిది పదిమంది గడపలు ఎక్కి డబ్బు అడుగుతానంటే నాకు టెన్షన్ పట్టుకుంది. వద్దని చెప్పబోయి ఆగాను. ఆగినందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

మీకు ఇచ్చిన ఉత్తరం తనే రాసింది. మొదటి రెండు సార్లు రాసినవి చించేసింది. మూడోసారి రాసింది చదివి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మన పెద్దలు అభినయం నాలుగు రకాలన్నారు: ఆంగికం, వాచికం, సాత్వికం, ఆహార్యం. 'శరీరం మాది, గొంతు మాది, మనసు మాది. ఈ మూడూ మా దగ్గర ఉన్నాయి, రోజూ సాధన చేస్తున్నాం. నాలుగోది, అంటే బట్టలు, మేకప్పు, రంగాలంకరణ, మా దగ్గర లేదు. ఆ నాలుగూ చూసేవాళ్లకి కనబడాలంటే వెలుగు కావాలి, అదీ లేదు. ఈ రెంటికే సాయం అడుగుతున్నాం' అని రాసింది. ఒక్క మాట కూడా బతిమాలినట్టు లేదు. దేనికి అడుగుతున్నారో, ఎందుకు అడుగుతున్నారో, అంతే.

ఒక పెద్దాయన 'ట్యూబులైట్లు ఉన్నాయిగా, చాలవా?' అని అడిగారట. కోపంగా కాదు, తెలుసుకుందామనే. ఆ రాత్రి ఇంటికొచ్చి టేబుల్ ల్యాంపు పట్టుకుని నా ముఖం మీదే చూపించింది. వెలుగు నడినెత్తి మీంచి పడితే కళ్లు గుంటల్లా నల్లబడతాయి. కిందనుంచి వేస్తే ముఖం భయంగా ఉంటుంది. ఎదురుగా వేస్తే పలకలా చదునైపోతుంది. అందుకని ముందువైపు రెండు పక్కలనుంచి, సుమారు 45 డిగ్రీల ఎత్తులోంచి, ఒకటి కాస్త పసుపు ఛాయలో, ఒకటి కాస్త నీలం ఛాయలో వేస్తారు. అమెరికాలో స్టాన్లీ మెకాండ్లెస్ అనే అధ్యాపకుడు 1932లోనే పుస్తకంలో రాసిపెట్టిన పద్ధతి ఇది. మర్నాడు వెళ్లి ఆయనకీ ఇదంతా చెప్పింది. ఆయన చందా ఇవ్వడమే కాదు, వాళ్లింట్లోని నిచ్చెన కూడా పంపారు. బాబాయిగారూ, ఆ ప్రశ్న అడిగినందుకు మీకు వేరేగా థ్యాంక్స్. తన మాట ఒకళ్లు శ్రద్ధగా వింటారని మా పిల్లకి ఆరోజే తెలిసింది.

వేదికని ఆరు భాగాలు చేసుకుని, భాగానికి రెండు చొప్పున 12 లైట్లు అద్దెకి కావాలని ముందు లెక్క వేశారు. వసూలైంది చూసుకుని భాగాలు మూడుకి తగ్గించి, ఆరు లైట్లతో సరిపెట్టుకున్నారు. ఆ తగ్గించకముందు ఒకరోజు, మిగతాది నేను వేస్తానన్నాను. 'అమ్మా, నువ్వే ఇచ్చేస్తే అది మనింటి నాటకం అయిపోతుంది. బడి నాటకం ఎలా అవుతుంది?' అంది. నా దగ్గర అందరితో పాటు, అందరిలాగే తీసుకుని రసీదు చింపి ఇచ్చింది. ఆ రసీదు నా పర్సులోనే ఉంది.

తన పుస్తకంలో మూడు గడులున్నాయి. ఇచ్చినవాళ్లు, వస్తువు ఇచ్చినవాళ్లు, మూడోది 'ఇప్పుడు కుదరదన్నారు, నాటకానికి పిలవాలి'. ఆ మూడో గడిలో ఉన్నవాళ్లందరినీ మళ్లీ వెళ్లి పిలిచింది. చాలామంది వచ్చారు. పాత చీరల్ని కోయకుండా కుచ్చిళ్లు కుట్టి పాత్రలకి బట్టలు చేసి, తిరిగి విప్పి ఇచ్చిన అత్తయ్యగారికి, ఏ ప్లగ్గులో ఎంత లోడు పెట్టొచ్చో పిల్లల చేత లెక్క వేయించి, దగ్గరుండి వైర్లు చూసిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికి, సంభాషణల్లో ఒత్తులూ పొల్లులూ దిద్దిన రిటైర్డ్ మాస్టారికి నేను రుణపడి ఉన్నాను.

ఇక ఆ రాత్రి సంగతి. రెండో రంగంలో ఒక మైకు ఆగిపోయింది. పిల్లలు తడబడలేదు, గొంతు పెంచారు. మొదటి మూడు వారాలూ మైకు లేకుండానే సాధన చేయించారు టీచర్, ఇందుకేనేమో. హాలంతా నిశ్శబ్దమైపోయి, వెనక వరసలవాళ్లు ముందుకు వంగి విన్నారు. ఆ నిశ్శబ్దం మీరు వాళ్లకి చేసిన సాయాల్లో ఒకటి.

మా అమ్మాయికి వేషం లేదు. తెర పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్పింది. గంటసేపూ నాకు కనబడింది ఆ నల్లగుడ్డ అంచున కాగితాలు పట్టుకున్న దాని చెయ్యి ఒక్కటే. నేను నాటకం సగమే చూశాను, సగంసేపు ఆ చేతినే చూశాను.

ఖర్చులు పోను కొంత మిగిలింది. దాన్ని వచ్చే ఏడాది నాటకానికని బడిలో జమ చేసి, లెక్క మొత్తం నోటీసు బోర్డు మీద పెట్టారు. ఎవరైనా వెళ్లి చూడొచ్చు. అందరికీ చేత్తో కార్డులు రాస్తోంది. ఇంకా 11 మిగిలాయి. మీకు అందకపోతే మర్చిపోయిందనుకోకండి, ఈ ఆదివారం తనే తెచ్చి ఇస్తుంది. ఈసారి వాకిట్లో ఆగదు, తలుపు కొడుతుంది.