రెండు ఆప్షన్లకూ సరిపోయిన లెక్క

విజయనగరం,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. లెక్కలన్నీ వచ్చి కూడా ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ నమూనా పరీక్షలో సమయం చాలడం లేదని రాశావు. మొన్నటిదాకా నాదీ అదే బాధ. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో సగం గణితానివే కాబట్టి, సమానంగా పంచితే ఒక్కోదానికి 67 సెకన్ల చిల్లరే వస్తుంది. అందుకే నేను కెమిస్ట్రీని అరగంటలో, ఫిజిక్సును ముప్పావుగంటలో ముగించి, మిగిలిన 105 నిమిషాలూ లెక్కలకే అట్టేపెడుతున్నాను. అప్పుడు లెక్కకు దాదాపు 79 సెకన్లు దొరుకుతాయి. పెరిగింది పదకొండు సెకన్లేనా అని నవ్వకు, 80 లెక్కల మీద అది పావుగంట అవుతుంది.

మనల్ని ముంచుతున్నది అసలు బోర్డు పరీక్ష అలవాటు. ఏడు మార్కుల కోసం పేజీ నిండా స్టెప్పులు రాసిన చెయ్యి ఇక్కడా ఊరుకోదు. పోయిన గురువారం త్రిభుజంలో సైన్ 2ఏ + సైన్ 2బి + సైన్ 2సి ఎంత అని అడిగితే, ఈసారి స్టెప్పులు మాని తెలివిగా మూడు కోణాలనూ 60 డిగ్రీలు అనుకున్నాను. విలువ మూడు రూట్ మూడు బై రెండు వచ్చింది. మొదటి ఆప్షన్ సైన్ ఏ + సైన్ బి + సైన్ సి కూడా అంతే కావడంతో దాన్నే నొక్కి ముందుకు పోయాను. నాలుగో ఆప్షనైన 4 సైన్ ఏ సైన్ బి సైన్ సి విలువ కూడా అదేనని ఇంటికి వచ్చి, మామ్మ ఇచ్చిన చోడి అంబలి తాగుతూ చూసుకున్నాక తెలిసింది. 90, 45, 45 వేసి ఉంటే అసలు విలువ 2, నాలుగో ఆప్షన్ 2, నేను నొక్కినది 1 + రూట్ 2. పది సెకన్లలో గుట్టు బయటపడేది. సమబాహు త్రిభుజాన్ని అంతగా నమ్మకూడదని మా లెక్కల మేస్టారు ముందే చెప్పారు, విన్నదెవరు!

అలాగని స్టెప్పులను వదిలేయకు, ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులదే కదా. ఈఏపీసెట్‌లో తప్పుకు మార్కులు కోయరు గనుక చివరి రెండు నిమిషాల్లో ఖాళీలన్నీ నింపెయ్యి. జేఈఈ మెయిన్‌లో మాత్రం ఆ పని చేయకు, అక్కడ ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి.

వచ్చే ఆదివారం శ్రీకాకుళం నుంచి పొద్దున్నే బస్సెక్కి రా. గంటస్తంభం దగ్గర దిగితే నేనే వచ్చి తీసుకెళ్తాను, ఇద్దరం గడియారం పెట్టుకుని ఒక పేపరు పూర్తిగా రాద్దాం. నా ఇంటర్ లెక్కల 2బి పుస్తకం నీ దగ్గరే ఉండిపోయింది, సమాకలనం దగ్గర నేను మడత పెట్టిన పేజీలతో సహా తీసుకురా.

నీ మిత్రుడు