అమెరికా వెళ్లే పిల్లలకు ఆ ‘నడక పరీక్ష’ గురించి ముందే చెప్పించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఎన్నారై సాధికారత, సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను టెక్సాస్‌లో ఉంటున్న తెలుగువాడిని. ఎమ్మెస్ చదవడానికి ఇక్కడికి వచ్చే మన పిల్లలకు రూమ్ ఎక్కడ చూసుకోవాలో, సోనా మసూరి ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు బోలెడుమంది. రాత్రిపూట పోలీసు కారు ఆపి, ‘దిగి ఈ గీత మీద నడువు’ అంటే ఏమిటో చెప్పేవాళ్లే లేరు.

ముందుగా ఒక మాట. తాగినవాడు స్టీరింగ్ పట్టుకోకూడదు. అందులో రెండో మాట లేదు. కానీ తాగాడా లేదా అని తేల్చే తీరు తెలియక, చేయని తప్పు నెత్తిన వేసుకునే పిల్లల గురించే నా ఆందోళన.

తాగారో లేదో రోడ్డు మీదే తేల్చే ఈ పరీక్షలను ఫీల్డ్ సోబ్రైటీ టెస్టులు అంటారు. ఇవి 1970ల చివర్లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కోసం జరిగిన పరిశోధనల్లోంచి వచ్చాయి. కనుగుడ్ల అదురు చూడటం ఒకటి, ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబెట్టడం ఒకటి. మూడోది నడక. ముందు ఒక పాదం వెనకే రెండోదాన్ని ఆనించి, చేతులు కదపకుండా నిలబడమంటారు. అలా నిలబడి ఉండగానే ఇంగ్లిష్‌లో గబగబా సూచనలు వస్తాయి. మడమకు వేళ్లు తగిలేలా 9 అడుగులు, పైకి లెక్కపెడుతూ, చిన్న చిన్న అడుగులతో తిరిగి, మళ్లీ 9. అధికారి 8 రకాల తప్పుల కోసం చూస్తాడు. అందులో రెండు కనిపిస్తే తాగినట్టు లెక్క. సూచనలు పూర్తికాకముందే నడక మొదలుపెట్టడం కూడా ఆ తప్పుల్లో ఒకటే. తిరగడం చెప్పిన పద్ధతిలో కాకపోయినా తప్పే.

పెద్దవాళ్లు చెప్పగానే తలూపి పని మొదలుపెట్టేయడం మన పిల్లల అలవాటు. ఇక్కడి యాస ఇంకా చెవికి పట్టని కుర్రాడు, టెన్షన్‌లో, కళ్లలోకి లైటు కొడుతుండగా అదే చేస్తే అది తాగిన లక్షణం కింద రాసుకుంటారు! నడుము, కాళ్లు, లోపలి చెవి సమస్యలున్నవాళ్లకు ఈ పరీక్షలు కష్టమని ఆ సంస్థ శిక్షణ మాన్యువలే చెబుతోంది. అందుకే లాయర్లు పోలీసు బాడీ కెమెరా వీడియో తెప్పించి, నేల సమంగా ఉందా, సూచనలు పూర్తిగా చెప్పారా అని నిమిషం నిమిషం చూస్తారు. భయపడి నేరం ఒప్పేసుకున్న పిల్లాడి విషయంలో ఆ వీడియో తెరిచేవాళ్లుండరు.

చాలా రాష్ట్రాల్లో ఈ నడక పరీక్ష చేసి తీరాలన్న చట్టం లేదు. మర్యాదగా వద్దనవచ్చు. అయినా అరెస్టు చేయొచ్చు, వద్దన్న సంగతి కోర్టులో ఎత్తనూవచ్చు. అరెస్టయ్యాక అడిగే శ్వాస, రక్త పరీక్షల సంగతి వేరు. వాటిని కాదంటే టెక్సాస్‌లో మొదటిసారికే 180 రోజులు లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. దానిపై విచారణ కోరడానికి నోటీసు అందాక 15 రోజులే గడువు. ఈ రెండింటి తేడా తెలియక పిల్లలు నిలువునా దెబ్బతింటున్నారు.

ఇంకో దెబ్బ వీసా మీద. నేరం రుజువు కాకముందే, కేవలం ఇలాంటి అరెస్టును బట్టి వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది. దేశంలో ఉన్న విద్యార్థి చదువు వెంటనే ఆగకపోవచ్చు. కానీ ఒకసారి ఇండియా వెళ్తే మళ్లీ కొత్త వీసా కావాలి, వైద్య పరీక్షకూ వెళ్లాలి. నాన్నకు గుండెపోటు అని ఫోనొచ్చినా విమానం ఎక్కాలంటే వణికే పరిస్థితి.

మీ పరిధిలో ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది, దానికి హెల్ప్‌లైన్ ఉంది. ప్రయాణానికి ముందు ప్రతి విద్యార్థికీ ఈ విషయాలు తెలుగులో ఒక కాగితం మీద అందేలా చూడండి. ఏ రాష్ట్రంలో రూలేమిటో అక్కడి లాయర్లతో సరిచూపించండి. అరెస్టయిన విదేశీయుడికి తన కాన్సులేట్‌కు కబురు పెట్టమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం ప్రకారం ఉందని అందులో రాయించండి. అర్ధరాత్రి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఆ ఊళ్లో ఇలాంటి కేసులు వాదించే లాయర్ల నంబర్లు చెప్పగలిగేలా జాబితా సిద్ధం చేయించండి. ఆగస్టులో కాలేజీలు తెరిచేలోపు ఇది జరిగితే, ఈ ఏడాది బయల్దేరే పిల్లలకే అందుతుంది.

ఇట్లు,
టెక్సాస్ నుంచి ఒక ప్రవాసాంధ్రుడు