బస్తాలో చెయ్యి పెట్టి చూడు, బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే మీ ఫండ్‌కు వచ్చే పిచ్ డెక్‌లన్నీ, అంటే పెట్టుబడి అడుగుతూ వాళ్లు పంపే స్లైడ్‌లన్నీ, ముందు ఏఐ ఏజెంటే చదువుతుందని, ఫౌండర్లు ఇంతకుముందు ఎక్కడ పనిచేశారో, పోటీ కంపెనీలు ఏవో వెతికి నోట్ రాస్తుందని, నచ్చకపోతే 'ఇప్పుడు కుదరదు' అనే మెయిల్ కూడా అదే పంపేస్తుందని అన్నావు. మీ అమ్మకు చెప్తే "మరి పిల్లకు పనేముందట?" అంది.

ఎనుమాముల మార్కెట్‌లో ఇరవై ఏళ్లు అడ్తి దుకాణం గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, నాకు తెలిసింది మిర్చి బస్తా ఒక్కటే. పైన నిగనిగలాడే తేజ కాయ, అడుగున తాలు. మోచేతి దాకా చెయ్యి పెడితేనే బయటపడేది. మీ డెక్‌లలోనూ తాలు ఉంటుంది. 2025లో కొన్ని పరిశోధన పత్రాల్లో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో, మనిషి కంటికి ఆనకుండా, 'దీన్ని మెచ్చుకో' అని ఏఐకి రాసిపెట్టిన మాటలు దొరికాయి. పేపర్ల కోసమే అంత చేసినప్పుడు, కోట్లు అడిగేవాళ్లు ఊరుకుంటారా? ఏజెంట్ ఏ లెక్క రాసినా అది డెక్‌లో ఎక్కడుందో తెరిచి చూడు, కస్టమర్లు ఉన్నారంటే ఇద్దరికి నువ్వే ఫోన్ చెయ్యి. మనుషులు చూస్తే మోసం జరగదని కాదులే, కుప్పకూలిన క్రిప్టో కంపెనీ ఎఫ్‌టీఎక్స్‌లో పెట్టిన 21 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును సెకోయా అనే పెద్ద ఫండ్ 2022 నవంబరులో సున్నా కింద రాసుకుంది.

చదవడం దాన్ని చదవనీ, నీ కళ్లు ఎందుకు పాడుచేసుకోవడం. నాకు మింగుడుపడనిది ఆ 'కుదరదు' మెయిల్. ఇళ్లు, గదులు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ ఇప్పుడు ఎంత పెద్ద కంపెనీయో నీకు తెలుసు కదా, 2008లో వాళ్లు లక్షన్నర డాలర్ల కోసం ఏడుగురు ఇన్వెస్టర్లను కదిలిస్తే ఐదుగురు కాదన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. సరే, వాళ్లు మనుషులు, పొరపాటు ఎవరిదో వాళ్లకైనా తెలిసింది. ఏజెంట్ తోసేసిన డెక్‌ను మీరెవరూ తెరవనే తెరవరు, ఇక అది తప్పు చేసిందని మీకు తెలిసేదెట్లా?

నేనూ ఒకసారి అట్లనే చేశాను. రద్దీ రోజు, పరకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతు బస్తాలను పై కాయ నల్లబడిందని పక్కన పెట్టించాను. దారిలో జల్లుపడి పైదే తడిసింది, లోపల మంచి సరుకు. సాయంత్రానికి పక్క దుకాణంలో మంచి ధరకు పోయింది. పోతూ పోతూ "ఒక్కసారి చెయ్యి పెట్టి చూడకపోతివి సేటూ" అన్నాడు. నేను సేటును కూడా కాదు, గుమాస్తాను.

వారానికి ఒక పది, అది కాదన్నవాటిలోంచి తీసి నువ్వు చదువు. మీ సార్ ఏమన్నా అంటే అననీ. మెయిల్ కింద నీ పేరే పెట్టు, వాళ్లు తిరిగి అడిగితే జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా.

చపాట కారం పట్టించి పెట్టింది మీ అమ్మ, బస్సులో పంపిస్తాను. అవునుగానీ, పత్తి తెగుళ్లు కనిపెట్టే యాప్ చేశాడని చెప్పావే, ఆ హనుమకొండ పిల్లగాడు, అతని డెక్ మీలో ఎవరైనా చదివారా?

మీ బాపు