ఆయన ఫొటో వద్దన్నారని బాధపడుతున్న నీకు

చిరంజీవి అమ్మలుకి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. ఎయిర్‌పోర్టులో బెల్టు దగ్గర సామాను కోసం నిలబడితే పక్కనే ఆయన. పదో తరగతి నుంచీ నువ్వు పాటలు వింటున్న మనిషి. ఫొటో అడిగితే "ఇప్పుడొద్దమ్మా, ప్లీజ్" అని పక్కకి తిరిగిపోయారు. నీ ఫ్రెండ్స్ అందరూ పొగరన్నారు. నీకు ఆ మాట అనబుద్ధి కాలేదు, అలాగని బాధా తగ్గలేదు. ఫోన్లో తీరిగ్గా మాట్లాడే వీల్లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆయన్ని చూడగానే గుండె దడదడలాడిందని చెప్పి, "పిచ్చిదాన్నా అమ్మా?" అని అడిగావు చూడు, ముందు దానికి జవాబు. కాదు. మనిషి బుర్రే అంత. మూర్ఛ వ్యాధికి వైద్యంలో భాగంగా మెదడులో సన్నని తీగలు అమర్చిన రోగులకు శాస్త్రవేత్తలు రకరకాల ఫొటోలు చూపించారు. ఆ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. ఒకరి మెదడులో ఒక నాడీకణం, జెన్నిఫర్ ఆనిస్టన్ అనే నటి ఫొటో ఏ కోణంలో తీసింది చూపించినా స్పందించింది. ఇంకొకరి మెదడులో మరో కణం హ్యాలీ బెర్రీ అనే ఇంకో నటి ఫొటోలకే కాదు, తెర మీద ఆమె పేరు అక్షరాల్లో కనిపించినా స్పందించింది. ఎన్నడూ కలవని మనిషికి కూడా మన తలలో అంత చోటు ఉంటుంది. నువ్వు ఇన్నేళ్ళుగా రోజూ వింటున్న గొంతు గలాయన అడుగు దూరంలో నిలబడితే గుండె కొట్టుకోకుండా ఎలా ఉంటుంది?

అయితే ఇందులో ఒక చిక్కుంది. 1956లోనే డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు దాని గురించి రాశారు. రేడియోలో, టీవీలో కనిపించేవాళ్ళు మనతో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటారు. మనకి వాళ్ళు తెలిసినవాళ్ళయిపోతారు. కానీ ఆ చనువంతా ఇటువైపు నుంచే. నీ దగ్గర ఆయనవి ఏళ్ళ తరబడి జ్ఞాపకాలున్నాయి. ఆయన దగ్గర నీది అర నిమిషం మాత్రమే ఉంది. ఆ అర నిమిషం కూడా ప్రయాణం చేసి అలసిపోయి, సూట్‌కేసు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నప్పుడు. నీ మనసు కష్టపడడానికి కారణం ఆయన గుణం కాదనీ, ఈ తేడాయేననీ నాకు అనిపిస్తోంది.

మీ అమ్మమ్మ ఆపరేషన్‌ కోసం ఆసుపత్రిలో ఉన్నప్పటి సంగతి ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. స్కానింగ్ గది బయట కూర్చున్నాను. ఎదురు కుర్చీలో ఒకాయన ఒళ్ళో రిపోర్టుల ఫైలు పెట్టుకుని ఉన్నారు. బాగా తెలిసిన ముఖం. మీ నాన్న ఆఫీసులో ఎవరో అనుకుని పలకరింపుగా నవ్వబోయాను కూడా. కాసేపటికి తట్టింది, మనం టీవీలో ఎన్నోసార్లు చూసిన నటుడు. మేకప్ లేదు, గడ్డం పెరిగింది, చొక్కా నలిగి ఉంది. లోపల ఆయన మనిషెవరో ఉన్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి తొంగి చూసి మళ్ళీ కూర్చుంటున్నారు. అంతలో ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి సెల్ఫీ అడిగారు. ఆయన ఫైలు కుర్చీలో పెట్టి లేచారు. జుట్టు సర్దుకున్నారు. నవ్వారు. ఫొటో అవగానే ఆ నవ్వు పోయింది. ఫైలు తీసుకుని మళ్ళీ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు కాదమ్మా. ఇద్దరూ ఎంతో మర్యాదగా అడిగారు, థాంక్స్ చెప్పారు. కానీ ఆ ఫొటో ఎవరికి చూపించినా అందులో నవ్వుతున్న నటుడే కనిపిస్తాడు. తలుపు వంక చూస్తూ కూర్చున్న మనిషి అందులో ఎక్కడా ఉండడు. నేనేమీ మాట్లాడలేదు. మా నంబరు పిలిచినప్పుడు లేచి వెళ్తుంటే ఆయన ఇటు చూశారు. తల ఊపాను. ఆయనా ఊపారు. ఆసుపత్రి వరండాల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఒకరికొకరు అలాగే ఊపుకుంటారు కదా, అంతే.

నేను నవ్వబోయానన్నాను చూడు, అది చాలామందికి జరిగేదే. 1980లో జార్జ్ మాండ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి ఒక ఉదాహరణ చెప్పాడు. రోజూ దుకాణంలో కనిపించే మాంసం కొట్టతను ఒకనాడు బస్సులో ఎదురైతే, ముఖం తెలుసని గట్టిగా అనిపిస్తుంది, ఎవరో మాత్రం గుర్తురాదు. చోటు మారితే గుర్తు తప్పుతుంది. పేరున్నవాళ్ళని క్యూలోనో లిఫ్టులోనో చూసి చాలామంది చుట్టమనుకుని "బాగున్నారా?" అని అడిగేస్తారు. ఎవరో తెలియక వేసిన ఆ పలకరింపే అన్నిటికన్నా మంచి పలకరింపని నాకు అనిపిస్తుంది. ఆ క్షణంలో ఎదుటివాళ్ళు వట్టి మనిషి.

పేరున్నవాళ్ళు మనల్ని చూసి ఎందుకు వెనక్కి జరుగుతారో కూడా నీకు తెలియాలి. చంద్రుడి మీద మొదట కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక దశలో ఆటోగ్రాఫులు ఇవ్వడం మానేశారు. అభిమానంతో అడుగుతున్నారనుకుని ఆయన ఇచ్చిన సంతకాలని జనం అమ్ముకుంటున్నారని తెలిసింది. అంతటితో అయిపోలేదు. ఆయనకి జుట్టు కత్తిరించే మనిషి ఆ వెంట్రుకలని ఏరి 3,000 డాలర్లకి, ఇలాంటివి పోగుచేసే ఒకాయనకి అమ్మేశాడు. 2005లో ఆ సంగతి బయటపడి, కేసు వేస్తానని ఆర్మ్‌స్ట్రాంగ్ హెచ్చరించే దాకా వెళ్ళింది. ఆలోచించు, కటింగ్ చేయించుకునే కుర్చీలో కూడా ఆయన మామూలు మనిషిగా కూర్చోలేకపోయారు.

ఇంగ్లీషు పాటల గాయకుడు జాన్ లెన్నన్ కథ ఇంకా దారుణం. 1980 డిసెంబర్ 8న తన ఇంటి బయట ఒకడు రికార్డు చాచి సంతకం అడిగితే ఆగి పెట్టిచ్చాడు. అదే రాత్రి అదే చోట వాడే కాల్చి చంపాడు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు ఇది. తన వైపు నడిచి వస్తున్న కొత్త మనిషి మనసులో ఏముందో, ఆ మనిషి నీలాంటి అమ్మాయే అయినా సరే, వాళ్ళకి తెలిసే దారి లేదు. ఆ బెరుకుని పొగరనడం నాకు న్యాయంగా తోచదు.

2017లో రాహుల్ ద్రవిడ్ ఒక సైన్స్ ప్రదర్శన దగ్గర పిల్లలతో కలిసి అందరిలాగే క్యూలో నిలబడ్డ ఫొటో అన్ని ఫోన్లలోకీ వచ్చింది, గుర్తుందా? అంత పెద్ద ఆటగాడు ఎంత సాదాగా ఉన్నాడో అని అందరం మెచ్చుకున్నాం. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ క్యూలో ఆయన ఆటగాడిగా లేరు, పిల్లల్ని తీసుకొచ్చిన నాన్నగా ఉన్నారు. ఆ పూటని కూడా మనం లోకమంతా చూసే బొమ్మ చేసేశాం. సచిన్ టెండూల్కర్ ఒకసారి మారువేషం వేసుకుని సినిమాకి వెళ్తే కళ్ళద్దాలు జారిపడి హాల్లో జనం గుర్తుపట్టేశారట. వినడానికి సరదాగానే ఉంటుంది. సినిమా చూడడానికి కూడా మారువేషం వేసుకోవలసిన బతుకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించి చూడు.

అంటే దూరం నుంచి చూసి వెళ్ళిపొమ్మని నా ఉద్దేశం కాదు. ఎదురుపడ్డప్పుడు మాట్లాడాలనిపించడం మంచిదే. నాకున్న అభిప్రాయమల్లా ఒకటే. వాళ్ళు మనకి ఇవ్వాల్సింది పాటలోనో ఆటలోనో ఎప్పుడో ఇచ్చేశారు. దారిలో దొరికినప్పుడు ఇంకా తీసుకోవడానికి కాకుండా, మన దగ్గరున్నది ఏదైనా ఇవ్వడానికి ముందుకెళ్ళాలి. గాంధీగారు ఆటోగ్రాఫ్ అడిగినవాళ్ళ దగ్గర హరిజన నిధి కోసం ఐదు రూపాయలు తీసుకునేవారు. అడిగిన మనిషి కూడా ఏదో ఒకటి ఇచ్చి వెళ్ళేలా ఆయన చూసుకున్నారు. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం.

మన దగ్గర ఇవ్వడానికి ఏముంటుందని అడుగుతావేమో. మాట ఉంటుంది. "మీకు పెద్ద ఫ్యాన్‌ని సార్" అన్నది వాళ్ళు రోజూ వినేదే. అదే, ఫలానా పాటలో రెండో చరణం దగ్గర మీరు గొంతు తగ్గిస్తారే, అక్కడ నాకు ఇలా అనిపిస్తుంది అని చెప్పావనుకో, అది నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేనిది. పది సెకన్లు చాలు. ముందు ఆయన ముఖం చూడు, ఫోన్లో ఉన్నారా, పిల్లలతో ఉన్నారా, తింటున్నారా, ఏదైనా బాధలో ఉన్నారా అని. అలా ఉంటే ఆ మాట కూడా వద్దు.

వాషింగ్టన్‌లో జరిగిన ఒక సంగతి నాకు పదే పదే గుర్తొస్తుంటుంది. 2007 జనవరి 12న ప్రపంచమంతా పేరున్న వయొలిన్ విద్వాంసుడు జోషువా బెల్ టోపీ పెట్టుకుని మెట్రో స్టేషన్‌లో గోడ పక్కన నిలబడి 43 నిమిషాలు వాయించాడు. ఒక పత్రిక వాళ్ళు ఏం జరుగుతుందో చూద్దామని ఏర్పాటు చేసింది అది. 1,097 మంది ఆయన ముందు నుంచి నడిచి వెళ్ళారు. ఆగి విన్నవాళ్ళు ఏడుగురు. ఆయన ఎవరో గుర్తుపట్టింది ఒక్క ఆవిడ. చిన్నపిల్లలు మాత్రం ఆగి చూడబోయారు, పెద్దవాళ్ళు వాళ్ళని లాక్కుని వెళ్ళిపోయారు. ఆ పెద్దవాళ్ళని నేను తప్పు పట్టను, పొద్దున్నే ఆఫీసుల తొందర. కానీ ఆయన పేరు రాసిన బోర్డు అక్కడ ఉంటే ఎంతమంది ఫోన్లు పైకెత్తేవాళ్ళో కదా. ఏడుగురు విన్నదీ అదే వయొలిన్, అవే వేళ్ళు. ఆ ఏడుగురిలో ఒకదానివైతే నాకు ఎంతో సంతోషం.

పేరున్నవాళ్ళు మనల్ని గమనించిన సందర్భాలూ ఉన్నాయి. అబ్దుల్ కలాంగారు చివరి రోజున, 2015 జులై 27న, గువాహటి నుంచి షిల్లాంగ్‌కి కారులో వెళ్తున్నారు. ముందు వెళ్ళే జీపులో ఒక జవాను తుపాకీ పట్టుకుని దారంతా నిలబడే ఉన్నాడు. అతన్ని కూర్చోమని చెప్పించడానికి కలాంగారు దారిలో ప్రయత్నించారు, కుదరలేదు. దిగాక ఆ జవానుని పిలిపించుకుని చేయి కలిపి, తన కోసం అంతసేపు నిలబడ్డందుకు క్షమించమన్నారు. వెంట ఉన్న సహాయకుడు తర్వాత రాసిన సంగతి ఇది. ఆ సాయంత్రమే కలాంగారు పోయారు. అలాంటి మనసు ఎదురైతే మన అదృష్టం. బెల్టు దగ్గర నిలబడిన ప్రతి మనిషీ ఆ రోజు అలాగే ఉండాలని మాత్రం మనం పట్టుబట్టలేం. ఆయన నిన్ను కసురుకోలేదు. "ఇప్పుడొద్దమ్మా" అన్నారు, "ప్లీజ్" అన్నారు. నువ్వు చెప్పిన తీరులో నాకు అలసట వినిపించింది తప్ప చులకన వినిపించలేదు.

పరీక్షల రోజుల్లో నీ గదిలోంచి రాత్రి రెండింటికి కూడా ఆయన పాట సన్నగా వినిపించేది. ఆగిపోతే నిద్రపోయావని తెలిసి నేను లైటు తీసేదాన్ని. ఆ పాట నీకు ఏం చేసిందో ఆయనకి తెలియదు. ఎయిర్‌పోర్టులో చెప్పే వీలు లేకపోయింది, ఉత్తరంలో చెప్పొచ్చు. ఆయన పాటలు విడుదల చేసే కంపెనీకి పంపితే చేరే అవకాశం ఉంది. ఫొటో సంగతి, బెల్టు దగ్గర జరిగింది రాయకు. ఏ పాటో, ఏ రాత్రులో రాయి. ఒక పేజీ దాటకుండా, చేత్తో రాస్తే ఇంకా మంచిది. పంపే ముందు నాకొకసారి చదివి వినిపిస్తావా? ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
అమ్మ