మేడ మీద నాలుగు రాత్రులు, మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం అండి. గోదారి వరద తీశాక ఇంట్లో ఒండ్రు ఎత్తి, గోడలు కడిగి, సున్నం కొట్టించి ఇవాళే కాస్త కూర్చున్నాను, కూర్చోగానే ముందు ఈ పోస్టు రాయాలనిపించింది.

మాది పి.గన్నవరం వైపు ఒక లంక అండి, వైనతేయ పాయ పక్కనే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది కదా, 1990 తర్వాత అక్కడ 70 దాటడం మళ్ళీ అప్పుడే, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైనే కిందకి వచ్చేసింది. మైకు కట్టిన ఆటో మా వీధిలో రెండుసార్లు తిరిగింది, ఖాళీ చేయండి ఖాళీ చేయండి అని. మేం అరుగు దాకా వచ్చి ఆగిపోతుందిలే, ప్రతి ఏడూ వచ్చేదేగా అనుకుని పడుకున్నాం. తెల్లారేసరికి గ్యాస్ స్టవ్ నీళ్ళలో ఉంది.

పక్కింటి బాబాయిగారూ పిన్నిగారూ, ముందు మీకు దణ్ణం. ఐదు కుటుంబాల్ని మీ మేడ మీద పెట్టుకున్నారు, ఉన్న బియ్యం అందరికీ వండిపెట్టారు, ఒక్క పూట కూడా మొహం చిన్నబుచ్చుకోలేదు.

ఇంజనీరింగ్ చదువుతున్న మీ అమ్మాయికి వేరేగా చెప్పాలి. కరెంటు లేదు, చుట్టూ నీళ్ళ చప్పుడు, పిల్లలు ఏడుస్తుంటే ఆ పిల్ల ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని తన ఇంగ్లీషు పుస్తకం తీసి తెలుగులో కథ చెప్పడం మొదలెట్టింది. డగ్లస్ ఆడమ్స్ అని ఇంగ్లండాయన 1979లో రాసిన నవలట, ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ. ముందు రేడియోలో నాటకంగా వచ్చిందట. హీరో పేరు ఆర్థర్ అనగానే మా మావగారు "మన కాటన్ దొర పేరే!" అని లేచి కూర్చున్నారు, ఇక అక్కడి నుంచి ఆయన నిద్రపోలేదు.

ఆ ఆర్థర్ ఇల్లు బైపాస్ రోడ్డు కోసం పడగొట్టడానికి వస్తారండి, నోటీసు ఎక్కడ పెట్టారయ్యా అంటే ఎవరూ వెళ్ళని సెల్లార్‌లో, తాళం వేసిన బీరువాలో. ఆ రోజే భూమి మొత్తాన్నీ అంతరిక్షంలో వేసే ఇంకో బైపాస్ కోసం లేపేస్తారు, దానికీ నోటీసు ఎక్కడో వేరే నక్షత్రం దగ్గర పెట్టారట. పిల్లలు పడీపడీ నవ్వారు గానీ నాకు గుండెలో కలుక్కుమంది, అతనికి చెప్పినవాడే లేడు, మాకు వీధిలోకొచ్చి మరీ చెప్పారు కదా అని. ఈసారి మొదటి హెచ్చరిక రాగానే ముసలాళ్ళనీ పశువుల్నీ గట్టు ఎక్కించేస్తాం, ఇంట్లో అందరం కూర్చుని అనేసుకున్నాం.

అందులోనే ఒక పెద్ద కంప్యూటరు ఉంటుంది, జీవితానికి అర్థం ఏంటో చెప్పమంటే 75 లక్షల ఏళ్ళు ఆలోచించి 42 అంటుంది. అసలు ప్రశ్న ఏంటో అడిగినవాళ్ళకే తెలీదు. ఇది విన్న మర్నాడే నాకు ఆ ముక్క అర్థమైందండి. మూడు రోజులుగా చుట్టాలు ఫోన్లు చేసి ఎలా ఉన్నారు, ఏవన్నా కావాలా అంటుంటే, పాపం వాళ్ళూ ప్రేమగానే అడిగారు, నేను బానే ఉన్నాం అంటూనే ఉన్నాను. ఆ పొద్దున పాలప్యాకెట్లు తెచ్చిన ఇంజను బోటు సరంగు మాత్రం మా అత్తగారిని చూసి "పెద్దావిడకి ఏం మందులండీ, ఎన్ని రోజులకున్నాయి?" అన్నాడు. అప్పుడు నోరు పెగిలింది నాకు. ఇన్సులిన్ ఒక్కరోజుకే ఉంది తమ్ముడూ అన్నాను. పాత సీసా అట్ట ఇమ్మని జేబులో పెట్టుకుని ఆ వడిలో గట్టుకి వెళ్ళి, నర్సమ్మగారిని కలిసి, చీకటి పడకముందే రెండు సీసాలు తెచ్చాడు.

ఫ్రిజ్ లేదు కదా అని తనే చిన్న మట్టిముంత అడిగి, సీసాలు ప్లాస్టిక్ కవర్లో ముడేసి అందులో పెట్టి, భుజం మీది ఎర్రగళ్ళ తుండు తడిపి, పిండి, ముంతకి మూడు చుట్లు చుట్టి నీడలో పెట్టాడు. ఆరిపోతే మళ్ళీ తడపండి అక్కా, గాలి తగలాలి అని చెప్పి వెళ్ళాడు. ఆ రాత్రి అమ్మాయి చదివిన భాగంలో, అంతరిక్షంలో తిరిగేవాడి దగ్గర ఉండాల్సిన అన్నిటికంటే పనికొచ్చే వస్తువు తువ్వాలు అని ఉంది. కప్పుకోవచ్చు, చిన్న తెప్పకి తెరచాపగా కట్టుకోవచ్చు అని. నేను ముంతకేసి చూసి ఏడ్చేశాను అండి, అందరూ కథకి నవ్వుతుంటే.

ఆ కథలో వాళ్ళ దగ్గరుండే గైడు పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో కంగారు పడకండి అని ఉంటుందట. సరంగు తమ్ముడు కూడా ఆ నాలుగు రోజులూ వచ్చిన ప్రతిసారీ బోటు ఆపకముందే ఆ మాటే అరిచేవాడు, ఆ కేక కోసం ఎదురుచూసేవాళ్ళం.

నర్సమ్మగారూ, గట్టు మీద పులిహోర పొట్లాలు కట్టిన కుర్రాళ్ళూ, మీ పేర్లు కూడా అడగలేకపోయాను, మీ మేలు మర్చిపోను. అమ్మాయ్, నీ పుస్తకం చివరి పేజీలు తడిసిపోయాయి, కొత్తది తెప్పిస్తున్నా.

తమ్ముడూ, నీ తుండు ఉతికి ఆరేసి మడత పెట్టి ఉంచాను. అత్తగారు రోజూ అడుగుతున్నారు, ఈసారి రేవుకి వచ్చినప్పుడు పొద్దున్నే రా, భోంచేసి వెళుదువుగాని.